ఫిలిప్పీన్స్ శాస్త్రవేత్తలు, ఆవిష్కర్తలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫిలిప్పీన్స్ శాస్త్రవేత్తల గురించి మనం ఎందుకు తెలుసుకోవాలి?

మన ఊళ్ల నుంచి ఎందరో పిల్లలు డాక్టరు చదువు కోసం ఫిలిప్పీన్స్ వెళ్తున్నారు. అక్కడి ఫీజులు, హాస్టల్ భోజనం గురించి ఏ తల్లిదండ్రుల్ని అడిగినా చెబుతారు. ఆ దేశం ప్రపంచానికి ఏమిచ్చిందో మాత్రం మన దగ్గర చెప్పేవాళ్లు తక్కువ. కోవిడ్ రోజుల్లో ఇంటింటా మింగిన అజిత్రోమైసిన్ మాత్ర, మామిడి పూత కోసం కొట్టే 13-0-45, వరద నీటిలో మునిగినా బతికే స్వర్ణ వరి, ఈ మూడింటి వెనకా ఫిలిప్పీన్స్ ఉంది. ఒక్కొక్కటే కింద చెబుతాను.

హోసే రిజాల్ స్వాతంత్ర్య వీరుడు కదా, ఆయన్ని శాస్త్రవేత్తల్లో ఎందుకు చేరుస్తారు?

రిజాల్ (1861–1896) కంటి డాక్టరు. పారిస్‌లో, హైడెల్‌బర్గ్‌లో పేరున్న వైద్యుల దగ్గర పని నేర్చుకున్నారు. చూపు తగ్గిపోతున్న కన్నతల్లికి తానే కంటి ఆపరేషన్ చేశారు. స్పెయిన్ ప్రభుత్వం 1892లో ఆయన్ని దపితాన్ అనే మారుమూల ఊరికి పంపేసింది. అక్కడ ఉన్న నాలుగేళ్లూ రోగులను చూశారు, పిల్లలకు పాఠాలు చెప్పారు, ఊరికి మంచినీళ్లు తెచ్చారు, అడవిలో దొరికిన జీవులను సేకరించి యూరప్‌కు పంపారు. ఒక ఎగిరే బల్లికి, ఒక కప్పకు, ఒక పేడపురుగు జాతి కీటకానికి ఆయన పేరే పెట్టారు.

అరటిపండుతో కెచప్ చేసింది ఎవరు?

మరియా ఒరోసా. ఆమెను ఒక్క కెచప్‌తో గుర్తుపెట్టుకుంటే ఆమెకు అన్యాయం చేసినట్టే.

బటాంగస్ రాష్ట్రంలోని తాల్ ఆమె ఊరు. 1916లో అమెరికాలోని సియాటిల్ వెళ్లి వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మందుల రసాయన శాస్త్రం, ఆహార రసాయన శాస్త్రం చదివారు. సెలవుల్లో అలాస్కా వెళ్లి చేపలు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీల్లో కూలి పని చేసి ఖర్చులు వెళ్లదీసుకున్నారు. 1922లో స్వదేశానికి వచ్చాక ఆమె మనసంతా ఒక్క పని మీదే ఉంది. దేశంలో పండేది దేశంలోనే నిలవ చేసుకోవాలి, బయటి డబ్బాల మీద ఆధారపడకూడదు. టమాటా కెచప్ దిగుమతి సరుకు. సబా అరటి మాత్రం పెరట్లోనే గెలలు గెలలుగా పండుతుంది. అరటి కెచప్ అలా వచ్చింది. నిమ్మలాంటి కలమాన్సి రసాన్ని పొడి చేశారు. కరెంటు లేని ఇళ్ల కోసం మట్టికుండతో ఓవెన్ తయారు చేసి, ఊరూరా తిరిగి ఆడవాళ్లకు వాడకం నేర్పించారు.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక ఆమె పని ప్రాణాలు నిలిపింది. సోయా పొడితో సోయాలాక్ అనే ఆహారం, తవుడుతో బిస్కెట్లు చేశారు. తవుడును వాళ్ల భాషలో దరాక్ అంటారు. మన దగ్గర గేదెలకు పెట్టే ఆ తవుడులోనే బి1 విటమిన్ ఉంటుంది. జపాన్ సైన్యం మనీలాలోని సాంతో తోమాస్ విశ్వవిద్యాలయాన్ని నిర్బంధ శిబిరంగా మార్చి వేల మందిని ఆకలితో ఉంచింది. ఒరోసా తన పొడులను బోలు వెదురు బొంగుల్లో నింపి, శిబిరంలోకి వెళ్లే వడ్రంగుల చేత లోపలికి పంపించారు. జపాన్ సైన్యంతో పోరాడిన మార్కింగ్ గెరిల్లా దళంలో ఆమెది కెప్టెన్ హోదా.

మనీలా వదిలి వెళ్లిపొమ్మని ఇంటివాళ్లు బతిమాలినా ఆమె కదల్లేదు. 1945 ఫిబ్రవరి 13న ఆఫీసులో ఉండగా ఫిరంగి గుండు ముక్క తగిలింది. తీసుకెళ్లిన ఆసుపత్రి మీద కూడా గుండ్లు పడ్డాయి, అక్కడే ప్రాణం పోయింది. ఆమె సమాధి రాయి 2020లో మనీలాలోని మలాతే ప్రాంతంలో ఒక బడి ఆవరణలో బయటపడింది.

తవుడులో విటమిన్ ఉందని ఆమే కనిపెట్టారా?

లేదు, అది అంతకు ముందే మొదలైన పని. అందులో నెల్లూరు మాట కూడా ఉంది.

బాగా పాలిష్ పట్టిన బియ్యమే తినేవాళ్లకు కాళ్లు చచ్చుబడి, గుండె దెబ్బతిని ప్రాణం తీసే జబ్బు బెరిబెరి. పాలు తాగే పసిపిల్లలు గంటల్లో చనిపోయేవారు. 1910 ప్రాంతంలో మనీలా సైన్స్ బ్యూరోలో రాబర్ట్ విలియమ్స్ అనే యువ రసాయన శాస్త్రవేత్త తవుడు కషాయంలోంచి ఆ జబ్బును ఆపే పదార్థాన్ని విడదీయడానికి కూర్చున్నారు. ఆయన అమెరికన్ బాప్టిస్టు మిషనరీల కొడుకు, 1886లో పుట్టింది మన నెల్లూరులో. ఆ పదార్థమే థయమిన్, అంటే బి1 విటమిన్. దాన్ని ప్రయోగశాలలో తయారు చేయడం 1936లో గానీ ఆయనకు సాధ్యం కాలేదు.

ఆ తర్వాత పని ఫిలిప్పీన్స్ డాక్టరు హువాన్ సాల్సెదోది. యుద్ధం ముగిశాక బటాన్ ద్వీపకల్పంలో ఒక సగానికి విటమిన్ పూత పూసిన బియ్యం కలిపిన బియ్యం, మిగతా సగానికి మామూలు బియ్యం ఇచ్చి చూశారు. 200 గింజలకు ఒక్క పూత గింజ చొప్పున కలిపారు. పూత గింజలు తిన్నవైపు బెరిబెరి చావులు బాగా తగ్గిపోయాయి. మన రేషన్ బియ్యంలో నూటికి ఒకటి చొప్పున కలిసి వచ్చిన గింజలను చూసి ‘ప్లాస్టిక్ బియ్యం’ అని ఎందరో భయపడ్డారు. అవి కూడా ఇలాంటి పోషకాల గింజలే, కాకపోతే వాటిలో కలిపింది ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12. సాల్సెదో 1978లో ఫిలిప్పీన్స్ తొలి జాతీయ శాస్త్రవేత్త అయ్యారు. ‘జాతీయ శాస్త్రవేత్త’ అన్నది ఆ దేశంలో శాస్త్రవేత్తకు దక్కే అన్నిటికన్నా పెద్ద గౌరవం.

పిల్లల డాక్టరు ఫె దెల్ ముందో హార్వర్డ్‌లో చదివిన మొదటి మహిళా?

ఈ మాట చాలాచోట్ల కనిపిస్తుంది కాబట్టి కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. హార్వర్డ్ వైద్య కళాశాల డాక్టరు పట్టా తరగతుల్లోకి అమ్మాయిలను తీసుకోవడం 1945లో మొదలుపెట్టింది. ఫె అక్కడికి వెళ్లింది 1936లో. అప్పటికే మనీలాలో డాక్టరు పట్టా అందుకున్నారు కాబట్టి పిల్లల వైద్యంలో పై చదువుకు, పరిశోధనకు వెళ్లారు. అమ్మాయిలకు చోటే లేని రోజుల్లో ఒక ఆసియా అమ్మాయి అక్కడ పని చేయడమే పెద్ద విషయం. దానికి కొత్తగా ఏ బిరుదూ తగిలించాల్సిన పని లేదు.

ఆమె 1911లో మనీలాలో పుట్టారు. తోడబుట్టిన ఎనిమిది మందిలో నలుగురు చిన్నతనంలోనే పోయారు. డాక్టరు కావాలని కలలుగన్న అక్క పదకొండేళ్లకే కడుపునొప్పి ముదిరి చనిపోయింది. ఆ అక్క కోరికే చెల్లెలి జీవితమైంది.

వెదురు ఇంక్యుబేటర్ ఎలా పనిచేస్తుంది?

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఒంటి వేడిని నిలుపుకోలేదు. ఆసుపత్రిలో దానికి కరెంటుతో నడిచే పెట్టె ఉంటుంది, పల్లెలో కరెంటే లేదు. ఫె దెల్ ముందో బట్టలు వేసుకునే వెదురు బుట్టలు రెండు తీసుకున్నారు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పెద్దదాంట్లో చిన్నదాన్ని పెట్టి, రెండింటి మధ్య ఖాళీలో వేణ్నీళ్ల సీసాలు అమర్చారు. బిడ్డను లోపలి బుట్టలో పడుకోబెట్టి, ఆక్సిజన్ అందేలా పైన చిన్న కప్పు వేశారు. నీళ్లు చల్లారగానే సీసాలు మార్చాలి. పని అంతే. బుట్టలు అల్లేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు, పొయ్యి ప్రతి ఇంట్లోనూ ఉంటుంది.

1957లో కెజోన్ నగరంలో పిల్లల ఆసుపత్రి పెట్టడానికి ఆమె తన ఇల్లు అమ్మేశారు. ఆ తర్వాత ఆసుపత్రి రెండో అంతస్తులోనే కాపురం. తొంభై దాటాక కూడా చక్రాల కుర్చీలో వార్డులు తిరిగి పిల్లల్ని చూసేవారు. 1977లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది, 1980లో జాతీయ శాస్త్రవేత్త అయిన తొలి మహిళ. 2011లో 99 ఏళ్ల వయసులో వెళ్లిపోయారు. ఈ పేజీలో నాకు అందరికన్నా దగ్గరగా అనిపించే మనిషి ఆమే.

ఎరిత్రోమైసిన్ ఫిలిప్పీన్స్‌లో పుట్టిందంటారు, నిజమేనా?

నిజమే, ఆ యాంటీబయాటిక్ మందు పుట్టింది అక్కడి మట్టిలోంచే. ఇలోయిలోలో ఉండే డాక్టర్ అబెలార్దో అగిలార్ అమెరికన్ మందుల కంపెనీ ఎలీ లిల్లీకి పనిచేసేవారు. 1949లో తమ ప్రాంతపు మట్టి నమూనాలు కంపెనీకి పంపారు. ఆ మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి కంపెనీలోని మెక్‌గ్వైర్ బృందం ఎరిత్రోమైసిన్‌ను వేరు చేసింది. 1952లో మందు అమ్మకానికి వచ్చింది. దానికి పెట్టిన పేరు ఇలోటైసిన్, ఇలోయిలో నుంచి వచ్చిన పేరు. పెన్సిలిన్ పడనివాళ్లకు అది దేవుడిచ్చిన వరమైంది. దాని అణువునే కాస్త మార్చి తర్వాత అజిత్రోమైసిన్ చేశారు.

ఊరి పేరు మందు మీద నిలిచింది గానీ అగిలార్‌కు లాభంలో వాటా రాలేదు. అడిగి అడిగి 1993లో కన్నుమూశారు. మట్టిలోంచి యాంటీబయాటిక్ అనగానే మనకు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తొస్తారు. ఆయన పర్యవేక్షణలోనే ఆరియోమైసిన్ వచ్చింది. ఆయనకూ బతికుండగా దక్కాల్సినంత పేరు దక్కలేదు.

మామిడి పూతకు, ఫిలిప్పీన్స్‌కు ఏమిటి సంబంధం?

మామిడి రైతుకు ఏటా ఉండే టెన్షన్ ఒక్కటే, ఈసారి పూత వస్తుందా రాదా అని. ఒక ఏడు విరగకాసిన చెట్టు మరుసటి ఏడు ముఖం చాటేస్తుంది. ఫిలిప్పీన్స్ రైతులు పాతకాలం నుంచీ చెట్ల కింద ఆకులు, గడ్డి పోగేసి రోజుల తరబడి పొగ పెట్టేవారు. పొగలో ఉండే ఇథిలీన్ వల్ల పూత వచ్చేది. కానీ శ్రమ ఎక్కువ, ఖర్చు ఎక్కువ, ఫలితం ఒక్కోసారి వచ్చేది, ఒక్కోసారి వచ్చేది కాదు.

రామోన్ బార్బా (1939–2021) ఇలోకోస్ నోర్తే రాష్ట్రం మనిషి, లోస్ బాన్యోస్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పనిచేశారు. 1970లలో ఆయన పొటాషియం నైట్రేట్ వాడి చూశారు. అదే మన సురేకారం, బాణసంచాలో వాడేది. వంద లీటర్ల నీటికి ఒక కిలో చొప్పున కలిపి ముదిరిన కొమ్మల మీద పిచికారీ చేస్తే, రెండు వారాలు తిరిగేసరికి మొగ్గలు కనిపించాయి. కాలం కాని కాలంలోనూ కాయ కాయించే దారి దొరికింది. అక్కడి కారాబావో మామిడి ఏడాది పొడవునా అంగడికి రావడం మొదలైంది. పేటెంట్ ఉన్నా ఆయన రైతుల దగ్గర రాయల్టీ తీసుకోలేదు. ఆ పనికి ఎంత డబ్బు వచ్చేదో ఆలోచిస్తే ఆయన మనసు అర్థమవుతుంది.

మన తోటల్లో లీటరు నీటికి 10 గ్రాముల 13-0-45 కలిపి కొట్టమని చెప్పేది ఈ మందే. అందులో 13 నత్రజని, 45 పొటాష్. రెమ్మ ముదరకుండా కొడితే పూతకు బదులు లేత చిగురు వస్తుంది. ఏ రకానికి ఎంత పనిచేస్తుందన్నది కూడా ఒకేలా ఉండదు కాబట్టి మీ ప్రాంతపు ఉద్యాన అధికారిని అడిగి కొట్టడం మంచిది.

నత్త విషంతో మందు చేశారన్నది నమ్మవచ్చా?

నమ్మవచ్చు. ఈ కథలో పేదరికమే దారి చూపింది.

బాల్దొమేరో ఒలివెరా 1941లో మనీలాలో పుట్టారు. అమెరికాలో డీఎన్ఏ ముక్కలను అతికించే ఎంజైమ్ మీద మంచి పని చేసి స్వదేశానికి తిరిగి వచ్చారు. అక్కడి ల్యాబులో ఆ పని కొనసాగించే పరికరాలు లేవు. చేతిలో ఉన్నదానితో ఏం చేయాలా అని ఆలోచిస్తే, చిన్నప్పుడు ఏరుకున్న గవ్వలు గుర్తొచ్చాయి. ఫిలిప్పీన్స్ తీరంలో శంకువు ఆకారంలో అందంగా ఉండే కోన్ నత్తలు దొరుకుతాయి. వాటిలో ఒకటి కుడితే మనిషి చచ్చిపోయేంత విషం. నెమ్మదిగా పాకే నత్త ఈటెలాంటి పన్ను విసిరి చేపను క్షణాల్లో కదలకుండా చేస్తుంది. ఆ విషంలో ఏముందో తెలుసుకోవడానికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు, ఎలుకలుంటే మొదలుపెట్టవచ్చు. సోర్సోగోన్‌కు చెందిన లూర్దెస్ క్రూజ్ ఆయనతో కలిసి ఈ పని చేశారు. ఆమె తర్వాత జాతీయ శాస్త్రవేత్త అయ్యారు.

నత్త విషం ఒకటే పదార్థం కాదు, ఎన్నో చిన్న ప్రోటీన్ ముక్కల కలయిక. ఒక్కో ముక్క నరాల్లో ఒక్కో తలుపును మూస్తుంది. ఒలివెరా యూటా విశ్వవిద్యాలయానికి మారాక, మైఖేల్ మెకింతోష్ అనే 18 ఏళ్ల విద్యార్థి కోనస్ మాగస్ అనే నత్త విషంలోంచి ఒక ముక్కను వేరు చేశాడు. అది నొప్పి కబురు మోసే కాల్షియం దారిని మాత్రమే మూస్తుంది. దాని నుంచే జికోనోటైడ్ అనే మందు వచ్చింది. అమెరికా 2004 డిసెంబర్‌లో అనుమతి ఇచ్చింది. మార్ఫిన్‌కూ లొంగని నొప్పితో బాధపడేవాళ్లకు చిన్న పంపు ద్వారా వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి ఎక్కిస్తారు. మార్ఫిన్‌లా అలవాటుగా మారదు.

ట్యూబ్‌లైట్, చంద్రుడి మీద నడిచిన బండి, యోయో కూడా వాళ్లవేనా?

ట్యూబ్‌లైట్ కాదు. అగాపితో ఫ్లోరెస్ పేరు నుంచి ‘ఫ్లోరెసెంట్’ వచ్చిందన్న కథ ఫిలిప్పీన్స్ బడుల్లో చాలాకాలం తిరిగింది. ‘ఫ్లోరెసెన్స్’ మాటను బ్రిటన్ శాస్త్రవేత్త స్టోక్స్ 1852లోనే వాడారు, ఫ్లోర్‌స్పార్ అనే ఖనిజం పేరు నుంచి. అమ్మకానికి పనికొచ్చే దీపాన్ని 1938లో తెచ్చింది అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్.

చంద్రుడి మీద బండిదీ అదే దారి. ఎదువార్దో శాన్ హువాన్ నిజంగా ప్రతిభ ఉన్న ఇంజినీరు, లాక్‌హీడ్ కంపెనీ తరఫున చంద్రుడి బండి నమూనా మీద పనిచేశారు. అయితే 1971, 1972లలో అపోలో యాత్రికులు నడిపింది బోయింగ్, జనరల్ మోటార్స్ కలిసి చేసిన బండి.

యోయో వేరు. ఆ బొమ్మ పాతదే. ఇలోకోస్ నోర్తేలోని వింతార్‌లో పుట్టిన పెద్రో ఫ్లోరెస్ 1928లో కాలిఫోర్నియాలో దాన్ని తయారు చేసి అమ్మే కంపెనీ పెట్టారు. దారాన్ని ఇరుసుకు ముడివేయకుండా ఉచ్చులా వదులుగా తగిలించడంతో యోయో అడుగున ఆగి తిరగగలిగింది. ప్రపంచమంతా పిల్లలు చేసే విన్యాసాలు అక్కడి నుంచే వచ్చాయి.

లేని గొప్పలు అంటగడితే ఉన్న గొప్పల మీద కూడా అనుమానం వస్తుంది. ఒరోసా, బార్బా, క్రూజ్ లాంటి వాళ్లున్న దేశానికి ఆ అవసరం లేదు.

వీడియో కాల్ కనిపెట్టింది గ్రెగోరియో జారా అంటారు?

లిపా నగరంలో పుట్టిన జారా (1902–1978) అమెరికాలో ఇంజినీరింగ్ చదివి, పారిస్‌లో భౌతిక శాస్త్రంలో డాక్టరేట్ తీసుకున్నారు. 1955లో మాటతో పాటు మనిషి బొమ్మ కూడా కనిపించే ఫోను పరికరానికి పేటెంట్ పొందారు. బొమ్మను తీగ మీద పంపే ప్రయోగాలు అంతకు ముందే అమెరికాలో జరిగాయి కాబట్టి ‘మొట్టమొదట’ అనడం కన్నా తొలితరం వాళ్లలో ఒకరు అనడం సరైనది. ఆల్కహాల్‌తో నడిచే విమాన ఇంజిన్ కూడా చేశారు.

సముద్రం విషయంలో ఎవరిని చెప్పుకోవాలి?

సముద్ర జీవశాస్త్రవేత్త ఏంజెల్ అల్కాలా (1929–2023). చేపలు తగ్గిపోతున్నాయని జాలర్లు మొత్తుకుంటుంటే, కొంత సముద్రాన్ని అసలు ముట్టుకోకుండా వదిలేయండి అన్నారు. 1974లో సుమిలోన్ దీవి దగ్గర సిలిమాన్ విశ్వవిద్యాలయం తరఫున అలా వదిలేయించారు. లోపల పెరిగిన చేపలు బయటికి వచ్చి వలల్లో పడ్డాయి. కొన్నేళ్లకు ఆ నిషేధం చెడి, లోపల కూడా వేట మొదలయ్యాక మొత్తం చేపలే తగ్గిపోయాయి. పట్టే చోటు పెరిగింది, పడే చేప తగ్గింది. ఈ లెక్క చూశాకే చాలామంది నమ్మారు. తర్వాత ఆపో దీవిలో జాలర్లే కాపలాదారులయ్యారు.

అగ్నిపర్వతం నుంచి జనాన్ని కాపాడింది ఎవరు?

రేమండో పునోంగ్‌బాయన్. దాదాపు 500 ఏళ్లు నిద్రపోయిన పినతుబో కొండ 1991 ఏప్రిల్‌లో పొగలు కక్కింది. ఆయన నడిపే అగ్నిపర్వత సంస్థ, అమెరికా భూగర్భ శాస్త్రవేత్తలు కలిసి కొండ చుట్టూ పరికరాలు పెట్టారు. అగ్నిపర్వతం పేలితే ఏమవుతుందో చూపే వీడియోలు అధికారులకు, జనానికి వేసి చూపించి ఊళ్లు ఖాళీ చేయించారు. జూన్ 15న కొండ పేలింది, అదే రోజు తుఫాను కూడా వచ్చింది. తడిసిన బూడిద బరువుకు ఇళ్ల కప్పులు కూలి వందల మంది చనిపోయారు. ముందే కదిలించినందువల్ల కనీసం 5,000 మంది బతికారని అంచనా. 2005లో కొండచరియల పరిశీలనకు వెళ్తూ హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన పోయారు.

కంప్యూటర్ రంగంలో?

కగయాన్‌లోని ఇగిగ్ అనే పల్లెలో రైతు కొడుకు దియోస్‌దాదో బనతావో. స్టాన్‌ఫోర్డ్‌లో చదివి, పీసీలను చవక చేసిన చిప్‌సెట్లు, బొమ్మల వేగం పెంచిన గ్రాఫిక్స్ చిప్‌ల వెనక నిలిచారు.

ఐఆర్-8 వరి ఫిలిప్పీన్స్ వాళ్లదేనా?

లోస్ బాన్యోస్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థది. అక్కడ అమెరికన్లు, భారతీయులు, ఫిలిప్పీన్స్ వాళ్లు కలిసి పనిచేశారు, కాబట్టి ఒక్క దేశానికి రాసివ్వలేం. 1966లో విడుదలైన ఆ వరిని మరుసటి ఏడే ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు వేసి, ‘మిస్టర్ ఐఆర్-8’ అని పేరు తెచ్చుకున్నారు. తర్వాత మన మారుటేరులో పుట్టిన స్వర్ణ అదే సంస్థకు వెళ్లి, ముంపును తట్టుకునే జన్యువుతో స్వర్ణ సబ్-1గా తిరిగి వచ్చింది. రెండు వారాలు నీళ్లలో మునిగినా మళ్లీ లేచి నిలబడుతుంది.

ఇప్పటి కుర్రవాళ్లలో ఎవరున్నారు?

కార్వీ మైగ్ పేరు చెబుతాను. పాడైన కూరగాయలు, పండ్లలోని మెరిసే పదార్థాలతో ఒక పలక చేశాడు. మబ్బు పట్టినా వచ్చే అతినీలలోహిత కిరణాలను అది మామూలు వెలుగుగా మార్చి కరెంటు చేయడానికి సాయపడుతుంది. 2020లో జేమ్స్ డైసన్ సుస్థిరత బహుమతి మొదటిసారి ఇచ్చినప్పుడు అది అతనికే వచ్చింది.

మా పిల్లల స్కూల్ ప్రాజెక్టుకు ఏది బాగుంటుంది?

వెదురు ఇంక్యుబేటర్ నమూనా చేయించండి. రెండు బుట్టలు, నాలుగు సీసాలు, ఒక థర్మామీటరు చాలు. లోపల బొమ్మను పడుకోబెట్టి, వేడి ఎంత ఉందో పది నిమిషాలకోసారి రాయమనండి. బుట్టల మధ్య ఒకసారి గడ్డి, ఒకసారి దూది కూరి తేడా చూడమనండి. సీసాలు ఎంతసేపటికి చల్లారుతున్నాయో తేలితే, ఒక్క బిడ్డ కోసం రాత్రంతా ఎన్నిసార్లు నీళ్లు కాచి మార్చాలో పిల్లలే లెక్కగట్టి చెబుతారు.